రెండో కుర్చీ

పొద్దున మా పాత క్యాంపస్ మిత్రుల గ్రూపులో ఒకడు తన కంప్యూటర్ టేబుల్ ఫోటో పెట్టాడు. మధ్యాహ్నానికల్లా అది పోటీగా మారింది. ఒకడికి రెండు మానిటర్లు, ఇంకొకడికి రంగులు మారే కీబోర్డు. నేనూ ఊరుకోలేదు. టేబుల్ తుడిచి మరీ ఫోటో తీసి పెట్టాను.

తొంభై ఏడులో హైదరాబాద్ తార్నాకలో మేం అద్దెకున్న గదిలో ముగ్గురికి కలిపి ఒక్కటే కంప్యూటర్ ఉండేది. సీపీయూ ప్రభుదాస్‌ది, మానిటరూ మౌసూ యాదగిరివి, కీబోర్డు నాది. ఎవరి వస్తువు వాళ్లే ముట్టుకోవాలని రూలు. యాదగిరి మౌస్ కదిపితే నేను టైపు చేసేవాణ్ని. సీపీయూ వేడెక్కుతుందని ప్రభుదాస్ టేబుల్ ఫ్యాన్ దాని వైపే తిప్పేవాడు. మేం ముగ్గురం చెమటలు కక్కుతూ భుజాలు రాసుకుంటూ కూర్చునేవాళ్లం. ప్రాజెక్టు రిపోర్టంతా అలాగే పూర్తి చేశాం.

ఇవాళ సాయంత్రం యాదగిరి గ్రూపులో రాశాడు: "అన్ని మంచిగనే ఉన్నయి గని, ఒక్కని టేబుల్ కాడ గూడ రెండో కుర్చీ లేదేందిరా?"

"ఇప్పుడు పక్కకు ఎవరు కూసుంటర్రా?" అని ప్రభుదాస్ జవాబిచ్చాడు.

ఆ తర్వాత గ్రూపులో ఇంకో ఫోటో రాలేదు.

మీ టేబుల్ దగ్గర ఎన్ని కుర్చీలున్నాయో ఓసారి చూసి చెప్పండి. నా దగ్గరైతే రెండోది ఉంది. ఫోటోకి అడ్డమని మధ్యాహ్నం నేనే దాన్ని బయట పెట్టాను.