పలుగురాయి కింది దుంప

నా చిన్నప్పుడు, ఎండలు ముదిరి ఇంట్లో సామలు అడుగంటాక, మా ఊళ్లో ఎవరూ ఎవరినీ ఏం వండారని అడిగేవాళ్లు కాదు. అందరి పొయ్యి మీదా మామిడి టెంకల అంబలే కదా, అడిగి ఏం లాభం. హుకుంపేట నుంచి కొండెక్కి నడిస్తే వచ్చే ఊరు మాది. ఇప్పుడు జీపు వస్తోంది కానీ, డ్రైవరు దారి పొడుగునా మమ్మల్ని తిట్టుకుంటూనే వస్తాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. నాన్న నన్ను తన అక్క ఇంట్లో దించి, చింతపల్లి వైపు కాఫీ తోటల్లో పనికి వెళ్లిపోయాడు. మా అత్తకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఊరి చివర గుడిసెలో ఒక్కతే ఉండేది. నేను వెళ్లాక ఆ ఇంట్లో ఒంటరివాళ్లు ఇద్దరయ్యారు, అంతే తేడా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడ నాతో పది మాటలు మాట్లాడితే ఆ రోజు బాగా మాట్లాడినట్టు.

అమ్మ చీరలు అమ్మతోనే పంపేశారు. మెడలో పూసలు కూడా. ఇది మా అమ్మది అని చూపించుకోవడానికి నా దగ్గర ఒక్క వస్తువూ మిగల్లేదు. ఊళ్లో ఎవరూ ఆమె మాట ఎత్తేవాళ్లు కాదు, పిల్ల ఏడుస్తుందని. నేను మేకల దగ్గర కూర్చుని అమ్మ గురించి వాటికి చెప్పుకునేదాన్ని. మేకలు బాగానే వినేవి.

ఆ వేసవిలో ఒకరోజు అత్త పక్కింటామెతో అంటున్న మాట నా చెవిన పడింది. ఇద్దరికీ వానల దాకా గింజలు సాలవని, ఈ గుంటకి, అంటే నాకు, ఏటి పెట్టాలో తెలవడం లేదని. ఆవిడ బాధపడుతూ అందో, విసుగుతో అందో ఆలోచించే వయసు కాదు నాది. నేను ఇక్కడ బరువు అని మాత్రం అర్థమైంది. నా తిండి నేను తెచ్చుకోకపోతే నన్ను ఇంకెవరింటికో పంపేస్తారని భయం పట్టుకుంది. నాన్న ఎక్కడున్నాడో సరిగ్గా తెలియదు. ఇంకో ఇల్లంటూ నాకు లేదు.

మర్నాడు పొద్దున్నే తవ్వుకర్ర పట్టుకుని ఒక్కదాన్నే కొండెక్కాను. తవ్వుకర్ర అంటే ఏమీ లేదు, గట్టి చేవ కర్ర కొన చెక్కి, నిప్పుల్లో కాస్త కాల్చినది. అడవి దుంపలు తవ్వడం అత్త దగ్గరే చూశాను. నేర్పడం అంటే ఆవిడ పని చేసుకుంటూ పోయేది, నేను చూసేదాన్ని. చెట్టుకు అల్లుకున్న ఎండు తీగను వెతికి, దాన్ని పట్టుకుని నేల దాకా రావాలి. తినే దుంప తీగ ఏదో, ఏటి నీళ్లలో నానబెడితే తప్ప చేదు విరగని దుంప తీగ ఏదో తెలియాలి. అంతవరకూ నాకు బాగానే వచ్చు. కాకపోతే దుంప బుట్టలో పడగానే ఆకలి ఆగక నేను ముందే ఇంటి దారి పట్టేదాన్ని. వెనక ఉండిపోయి అత్త ఏం చేసేదో ఏనాడూ చూడలేదు.

పెద్ద బండ కింద ఒక మంచి తీగ కనిపించింది. దాని మొదట్లో రెండు గుప్పిళ్లంత తెల్లటి పలుగురాయి ఒకటి అడ్డంగా ఉంది. కాలితో తన్నేస్తే వాలులో దొర్లుకుంటూ పోయింది. మధ్యాహ్నం దాకా తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నా మోచేయంత దుంప బయటికి వచ్చింది. పైన తీగ పుట్టే చోట గట్టిగా, పీచుగా ఉండే తలను విరిచి, తినడానికి పనికిరాదు కదా అని కిందికి విసిరేశాను. గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉంది. నేను మాత్రం రాజ్యం గెలిచినట్టు ఇంటికి వచ్చాను.

అత్త దుంపను అటూ ఇటూ తిప్పి చూసింది. మెచ్చుకోలేదు, తిట్టలేదు. విరిచిన చోట బొటనవేలితో తడిమి ఒక్క మాట అడిగింది.

"తల ఏది గుంటా?"

పారేశానన్నాను. ఎక్కడ తవ్వావని అడిగితే పెద్ద బండ కింద అన్నాను. అక్కడ రాయి ఏమైనా ఉందా అంది. తెల్ల రాయి ఉంటే తన్నేశానన్నాను. ఆవిడ ముఖం ఎలా మారిందో నాకు ఇప్పటికీ గుర్తు. దుంపను చాటలో పెట్టి, పొయ్యి ముట్టించకుండానే, నా చెయ్యి పట్టుకుని మళ్లీ కొండెక్కించింది. ఇక్కడితో నా పని అయిపోయింది, ఇంక పంపేస్తుంది అనుకుంటూ నడిచాను.

రాయి బేగినే దొరికింది, ఎండిన వాగులో. తల కోసం చాలాసేపు వెతికాం. ముళ్లలోకి అత్త దూరింది, బండల సందుల్లోకి నేను దూరాను. ఏ అడవిపందో తినేసి ఉంటుందని నాకు ఏడుపు వచ్చేసింది. పొద్దు వాలుతుండగా ఒక పొద కింద కనిపించింది, చీమలు పట్టి. అత్త ఊది, చీమలు దులిపి, దాన్ని గోతిలో నిలబెట్టి, మట్టి నన్నే కప్పమంది. అప్పుడు చెప్పింది. కొండ మీద దుంప తీసినవాళ్లు తల తిరిగి పెట్టి వెళ్లాలి. వానలకు అది మళ్లీ తీగ వేస్తుంది. పందులు తవ్వకుండా పైన రాయి పెట్టాలి. అందరూ చేతికందిన నల్లరాయి పెడితే, మా అమ్మ మాత్రం ఏటి నుంచి తెల్ల రాయి ఏరి మోసుకొచ్చేదట. దానికీ సోకేనా అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లట.

"ఈ తల మీ యమ్మ ఎట్టిందే. రాయీ మీ యమ్మదే," అంది అత్త.

నేను రాయిని పట్టుకుని కూర్చుండిపోయాను. అమ్మ పోయాక మొదటిసారి అమ్మ వస్తువు నా చేతిలోకి వచ్చింది. ఇంటికి తీసుకుపోతానన్నాను. అత్త కాదనలేదు. తీసుకుపోతే పోవచ్చు, పందులు మాత్రం ఊరుకోవు అంది. చుట్టుపక్కల నల్లరాళ్లు లేకపోలేదు, ఏదో ఒకటి పెట్టవచ్చు. ఆ మాట నాకూ తోచింది, అయినా నోరు రాలేదు. ఇది నాకోసమే పెట్టిందా అని అడిగాను.

"అలాగని నాను సెప్పనే. ఎవులు ఆకలితో వత్తే ఆల కోసమని ఎట్టింది. ఈ యేడు నువ్వొచ్చినావు."

నేను రాయిని మట్టి మీద పెట్టి రెండు చేతులతో అదిమాను. ఇంటికి వచ్చి దుంప ఉడకబెట్టుకుని ఇద్దరం తిన్నాం. పెద్ద ముక్క అత్త నా వైపు నెట్టింది. నన్ను ఎక్కడికీ పంపడం లేదని అప్పుడు తెలిసింది.

అత్త పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అరకు వచ్చే పట్నం పిల్లలకు అడవిలో బతకడం నేర్పమని నన్ను పిలుస్తుంటారు. వాళ్ల సంచుల్లో ఎన్ని రకాల కత్తులో, నిప్పు పుట్టించే పనిముట్లో. అవన్నీ పక్కన పెట్టించి తలో కర్ర చెక్కుకోమంటాను. దుంప బయటపడగానే అందరూ ఫోటోల కోసం లేచిపోతారు, ఒకప్పటి నాలాగే. నేను వాళ్లను వెనక్కి పిలిచి, తల పెట్టించి, గొయ్యి పూడ్పించి, రాయి పెట్టాకే కదలనిస్తాను. ముసలిది సతాయిస్తోందని అనుకుంటారు. అనుకోనీ.

పెద్ద బండ దగ్గరికి మాత్రం ఎవరినీ తీసుకువెళ్లను. ఏడాదికి ఒకసారి ఒక్కదాన్నే వెళతాను. తవ్వి, తల పెట్టి, తెల్ల రాయి అదిమి వస్తాను. ఇప్పుడు నా ఇంట్లో పళ్లెం ఒకటే. ఆ రోజు అందులో పెట్టుకుని తినేది మాత్రం మా అమ్మ పెట్టిన తిండే.