పచ్చి తెల్లసొన తాగిన క్రీము పిన్ని

బేకరీలో అందరూ ఆమెను క్రీము పిన్ని అనే పిలిచేవారు. అసలు పేరు యజమానికైనా గుర్తుందో లేదో దేవుడికే తెలియాలి. బన్నుల్లో నింపే పసుపు క్రీము ఆమె చేతిలోనే కుదిరేది. పాలు, చక్కెర, గుడ్ల పచ్చసొన కలిపి సన్నసెగ మీద గరిటె ఆపకుండా తిప్పాలి. ఒక్క క్షణం దిక్కులు చూస్తే గడ్డలు కట్టి కొంప మునుగుతుంది. ఆ పొయ్యి దగ్గరికి ఇంకెవరైనా వస్తే చాలు, ఆమెకు ముక్కు మీదే కోపం.

క్రీముకు పచ్చసొన ఒక్కటే కావాలి. తెల్లసొనంతా పారబోయడమే. అది చూస్తే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

"ఇంత బలం తీసుకెళ్లి కాలవలో పోస్తామా! చేతులెలా వస్తాయి?" అంటూ రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసు నిండా పచ్చి తెల్లసొన వంపుకుని, చిటికెడు ఉప్పేసుకుని గటగటా తాగేసేది.

కొన్ని నెలలకు జుట్టు రాలడం మొదలైంది. ముందు దువ్వెనకు చిక్కింది, తర్వాత దిండంతా అదే. కళ్ల చుట్టూ, పెదవుల అంచున ఎర్రగా పొక్కింది కూడా. అప్పుడు మన పిన్ని ఏం చేసిందనుకున్నారు? బలం చాలడం లేదనుకుని ఇంకో అర గ్లాసు పెంచింది! అయ్యో రామా, ఆ మాట ఎవరికైనా చెప్పినా బాగుండేది.

భర్త దర్జీ. నోరు ఊరుకోదు. "నీ జడని సూదిలోకి ఎక్కించొచ్చే" అని వేళాకోళమాడాడు. ఆమె భోరున ఏడ్చేసరికి నాలుక్కరుచుకుని, ఆ సాయంత్రమే రెండు రకాల నూనెలు పట్టుకొచ్చాడు. వాటితో ఒరిగిందేమీ లేదు.

తలకు గుడ్డ కట్టుకున్నా ఒకరోజు బన్నులో వెంట్రుక వచ్చింది. కొన్నాయన కొట్టు ముందు నిలబడి నానా రభస చేశాడు.

"పిన్నీ, నీ క్రీముకి వంక పెట్టను," అన్నాడు యజమాని, ఆమె కళ్లలోకి చూడలేక. "కానీ కొట్టు పరువు పోతోంది. జుట్టు రాలడం ఆగేదాకా ప్యాకింగులో కూర్చో. ఆగకపోతే మాత్రం పొయ్యి ఇంకొకరికి అప్పజెప్పేస్తా."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ పొయ్యి లేకపోతే తనెవరు? అట్టపెట్టెలు మడుస్తూ కూర్చుంది గానీ చెవులు గరిటె చప్పుడు మీదే ఉన్నాయి. తన బదులు పొయ్యి దగ్గర పెట్టిన కొత్తమ్మాయి క్రీము గడ్డలు కట్టిన రోజున, మడుస్తున్న పెట్టెను నలిపేసింది.

చివరికి భర్త బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తింటుందో అడిగింది. పిన్ని గొప్పగా తెల్లసొన సంగతి చెప్పింది.

"పచ్చిదేనా?"

"మరి? ఉడకబెడితే బలం పోదూ?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అమ్మా, జుట్టుకి బయోటిన్ అనే బి విటమిన్ కావాలి. పచ్చి తెల్లసొనలో ఒక పదార్థం ఉంటుంది. అది ఆ విటమిన్ని గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. ఉడికిస్తే ఆ పట్టు వదిలేస్తుంది. ఎప్పుడో ఓసారైతే ఏం కాదు, నువ్వేమో నెలల తరబడి గ్లాసులకి గ్లాసులు తాగావు."

"అంటే... నా జుట్టు నేనే తాగేశానా?"

భర్తకు నవ్వొచ్చినా ఆపుకున్నాడు.

"పచ్చిది మానేసి ఈ మాత్రలు వేసుకో. మళ్లీ వస్తుంది, కాస్త ఓపిక పట్టు. అలాగని జుట్టు రాలే ప్రతివాళ్లకీ ఈ మాత్రలు పంచిపెట్టకు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంటుంది," అంది డాక్టరమ్మ.

ముందు పొక్కులు మానాయి. తర్వాత దిండు శుభ్రపడింది. ఒక పొద్దున భర్త ఆమె నుదుటి పైన వేలు పెట్టి, "ఒసేయ్, గుచ్చుకుంటోందే!" అని అరిచాడు. ఆమె తడిమి చూసుకుంది. పొట్టి పొట్టి వెంట్రుకలు, బిరుసుగా! సంతోషం పట్టలేక ఆయన్నే పట్టుకుని ఏడ్చింది.

ఆ పూటే యజమాని ముందుకెళ్లి తలగుడ్డ విప్పేసింది. ఇన్నాళ్లూ మొగుడికి చూపించడానికే సిగ్గుపడిన తల అది. పది వేళ్లూ జుట్టులోకి దూర్చి, నుదుటి నుంచి మెడదాకా గట్టిగా దువ్వి, రెండు అరచేతులూ చాపింది.

"చూడండి. ఒక్కటైనా ఉందా?"

ఆయన చూశాడు. ఒక్కటీ లేదు.

"సరే పిన్నీ, రేపట్నుంచి పొయ్యి దగ్గరికి వచ్చెయ్."

"రేపెందుకండీ? పాలు వచ్చేశాయిగా."

గుడ్డ బిగించి కట్టుకుని, చేతులు కడుక్కుని లోపలికి నడిచింది. కొత్తమ్మాయి నవ్వుతూ తప్పుకుంది. గరిటె పట్టుకున్నాక కళ్లు మసకబారి పిన్నికి గిన్నె కనిపించలేదు. ఈలోగా పాలు పొంగుకొచ్చేశాయి. ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుని, సెగ తగ్గించి, తిప్పడం మొదలుపెట్టింది.