ఆరు చుక్కల చేపల పులుసు

నా యవ్వనపు రోజుల్లో మా ఇంట్లో రహస్యం దాచుకోవడానికి చోటుండేది కాదు. ఛత్తీస్‌గఢ్ వైపు గుఢియారీలో రైలు పట్టాల పక్కన రెండు గదుల ఇల్లు. ఒక గది నిండా మా మరిది ముక్కలు ముక్కలుగా కొనితెచ్చి బిగించిన కంప్యూటరు, రెండో గది నిండా మా అత్తయ్య. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, మనం నోరు తెరవకముందే రోగం కనిపెట్టేసేది. మా ఆయన గూడ్సు బండి గార్డు కాబట్టి ఇంట్లో కన్నా బండి చివరి పెట్టెలోనే ఎక్కువగా ఉండేవాడు. ఇది 1999 నాటి సంగతి. (తారీఖులు తప్పు చెప్పే అలవాటు నాకు లేదు.) అప్పటికి నాకు ముప్పై తొమ్మిది. అదేం యవ్వనం అని మీరు అడగవచ్చు. మా అత్తయ్య ఉన్నంతకాలం నేను కొత్త కోడలినే, కనుక యవ్వనమే.

మరిది ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవాడు. చూపులేని పిల్లల బడిలో హిందీ చెప్పే మాస్టర్జీ అతని స్నేహితుడు. పుట్టుకతోనే చూపులేని ఛత్తీస్‌గఢీ మనిషి, నవ్వితే గది మొత్తం వినపడేది. ఆ బడికి ఎవరో దాత బ్రెయిలీ ప్రింటరు ఇచ్చారు. అది కాగితం మీద సిరా వేయదు, చుక్కలు పొడుస్తుంది. కానీ దానితో వచ్చిన ప్రోగ్రాముకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. అందుకని దానికి ముసుగు వేసి, మీద తబలా పెట్టారు. పదో తరగతి పిల్లలకేమో హిందీ పుస్తకం ఒకే ఒక్క పాత ప్రతి, అదీ తరతరాల వేళ్లు పాకి చుక్కలు అరిగిపోయినది. 'నేను రాస్తా మాస్టర్జీ, మన భాషలు వచ్చే ప్రోగ్రాము' అన్నాడు మరిది. రాసి ఊరికే ఇస్తానన్నాడు. లోపల ఎలా రాశాడో అది కూడా ఇచ్చేస్తాడట, ఎవరికి తప్పు కనబడితే వాళ్లు దిద్దుకుంటారట. బడి సెక్రటరీ సాబ్‌కు ఇది అస్సలు మింగుడుపడలేదు. "ముఫ్త్ కా హై? తో ఫిర్ ఇస్‌మే ఖోట్ క్యా హై?" అన్నాడు. ఊరికే వచ్చేదాంట్లో ఏదో లోపం ఉండే తీరాలని ఆయన సిద్ధాంతం. చివరికి వార్షికోత్సవం నాడు అందరిముందూ నడిపి చూపించమన్నాడు. నడవకపోతే వచ్చే ఏడు ఏదైనా కంపెనీది చూద్దామన్నాడు. పదో తరగతి పిల్లలకు వచ్చే ఏడుతో ఏం పని?

"వదినా, అన్నంలో రాయి ఉంటే నీ పంటికే తగులుతుంది. కూర్చుని తప్పులు పట్టు" అన్నాడు మరిది. భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు లెక్కలు ముగించుకుని వచ్చి, సాయంత్రాలు ఆ కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. ఆరు చుక్కలకు ఆరు కీలు, హార్మోనియం మెట్లలాగా కలిపి నొక్కాలి. కొన్ని కీలు కలిపి నొక్కితే ఒక చుక్క మాయమయ్యేది. "నీ వేళ్లు స్లోగా పడుతున్నాయి వదినా" అనేవాడు. "నా వేళ్లు బాగానే ఉన్నాయి, నీ ప్రోగ్రాములోనే గడ్‌బడ్" అనేదాన్ని. (కీబోర్డు మార్చాక చుక్క పడింది. ఇద్దరమూ తప్పే.) బ్రెయిలీలో మన దేశపు భాషలకు దాదాపు ఒకే చుక్కలు, హిందీ 'క' ఏదో తెలుగు 'క' కూడా అదే. అందుకని మరిది తెలుగు కూడా చేర్చాడు. పరీక్షకు ఏదైనా పొడవుగా కొట్టమన్నాడు, మనసులో ఏముంటే అది.

మనసులో ఉన్నది మా అత్తయ్య చేపల పులుసు. ఇంట్లో ఎవరూ చుక్కలు చదవలేరన్న ధైర్యంతో ఇలా కొట్టాను: 'మా అత్తయ్య చేపల పులుసులో చేప దొరకదు, చింతపండు దొరుకుతుంది. తిన్నవాళ్లు కళ్లు మూసుకుంటారు, రుచికని ఆవిడ అనుకుంటుంది. పదిహేనేళ్లుగా బాగుందని అబద్ధమాడుతున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.' ప్రాణం ఎంత హాయిగా ఉందో! అదే రోజు హిందీ పాఠం కూడా కొట్టాను. నా ఫైళ్లకు తారీఖులే పేర్లు కాబట్టి రెండింటికీ చివరి అక్షరం ఒక్కటే తేడా.

వార్షికోత్సవం నాడు హాలు నిండింది. కొడుకు ప్రతాపం చూడటానికి అత్తయ్య గంజి పెట్టిన తెల్లచీరలో రెండో వరసలో కూర్చుంది. నేను ఫైలు తెరిచి, సరిచూసుకోకుండా ప్రింటు కొట్టాను. (నా పేర్లలో తప్పుండదు గదా.) ప్రింటరు రేకుల మీద వడగళ్లలా టకటకలాడింది. మాస్టర్జీ కాగితం మీద వేళ్లు ఆనించి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు: "మా అత్తయ్య చేపల్ పులుసులో చేప్..."

పాఠం బదులు పులుసు ఫైలు కొట్టేశాను. హిందీలో లేని ఎ, ఒ లాంటి హ్రస్వాల దగ్గర కాస్త తడబడ్డా ఆయన ఉత్సాహం తగ్గలేదు.

"యే కౌన్‌సీ హిందీ హై, మాస్టర్జీ?" అన్నాడు సెక్రటరీ సాబ్, ఇదెక్కడి హిందీ అని.

"కవితా లగ్‌తీ హై సాబ్. మా పే హై" అన్నాడాయన, తల్లి మీద కవిత్వమేమో అని.

"వదినా, ఇది పాఠం కాదు!" అని మరిది నా చెవిలో గుసగుసలాడాడు.

"తెలుసు, నోర్ముయ్."

చివరికి మరిదే లేచి, ఫైలు మారిందనీ ఇది తెలుగనీ ఒప్పుకున్నాడు. సెక్రటరీ సాబ్ ముఖం వెలిగింది, ఖోట్ దొరికినందుకు. "మాస్టర్జీకో తెలుగు ఆతీ నహీఁ, తో పఢా కైసే? జో మన్ మే ఆయా, బోల్ దియా. యహాఁ కోయీ తెలుగువాలా హై? తుమ్ దోనోఁ నహీఁ." తెలుగు రాని మాస్టర్జీ నోటికొచ్చింది చెప్పాడని ఆయన వాదన; మేమిద్దరం కాక తెలుగు తెలిసినవాళ్లెవరైనా సాక్ష్యం చెప్పాలట.

మాస్టర్జీ నవ్వు ఆగిపోయింది. వేళ్లు మాత్రం ఇంకా నా పులుసు మీదే ఉన్నాయి.

రెండో వరసలో తెల్లచీర లేచింది. "ఫిర్ సే పఢో మాస్టర్జీ. పూరా."

ఆయన మళ్లీ మొదటినుంచీ చదివాడు, దేవుడి క్షమాపణ దాకా. అత్తయ్య ప్రార్థనలో నిలబడ్డట్టు కళ్లు మూసుకుని విన్నది. తప్పు అని ఒక్క మాట అంటే ఆవిడ పులుసు పరువు దక్కేది; కొడుకు కష్టం, పిల్లల పుస్తకం పోయేవి. కళ్లు తెరిచి, "ఏక్ ఏక్ అక్షర్ సహీ హై" అంది.

"లిఖా క్యా హై, మాఁజీ?" ఏం రాసుందమ్మా అని అడిగాడు సెక్రటరీ సాబ్.

"మేరీ మఛ్‌లీ కీ తారీఫ్" అంది, నా చేపలకు మెచ్చుకోలు అని.

రాని భాషనే ఇంత చక్కగా చదివిస్తే వచ్చిన భాష సంగతి చెప్పేదేముందని హాలంతా చప్పట్లు కొట్టింది. సెక్రటరీ సాబ్ తన చేత్తోనే ప్రింటరు మీది ముసుగు మడతపెట్టి పక్కన పడేశాడు. అరగంటలో అసలు పాఠం వచ్చింది, అర్ధ సంవత్సర పరీక్షల లోపల పుస్తకం మొత్తం. రిక్షాలో ఇంటికి వస్తూ అత్తయ్య నా వైపు చూడకుండానే అంది: "అమ్మాయ్, పులుపు సంగతి నాకు తెలుసు. చేప దొరకదన్నావు చూడు, అదొక్కటే అబద్ధం. నీకెప్పుడూ తోక ముక్క వేస్తానుగదా, అందుకే."

వారం తరువాత కంప్యూటరు గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుంది. "ఆ కాగితం దాంట్లో ఇంకా ఉందా? కింద నా జవాబు కొట్టు. చింతపండు నిమ్మకాయంత. కోడలు పులుపన్న రోజున మారు వడ్డించాలి." మరిది ఆ రెండింటినీ కలిపి నమూనా పత్రంగా ప్రోగ్రాములోనే ఉంచేశాడు. ఫ్లాపీల్లోనూ, ఆ తరువాత ఇంటర్నెట్టులోనూ అది ఎక్కడెక్కడికో పోయింది. ఎవరెవరో తప్పులు దిద్ది పంపారు. పులుసు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఇప్పుడు నాకు అరవై ఐదు దాటాయి. అత్తయ్య లేదు. ఆవిడను తలుచుకునే రోజున పులుసు నేనే పెడతాను. నిమ్మకాయంతే తీసుకుంటాను, ఎందుకో చెయ్యి ఆగదు, ఇంకొంచెం పడుతుంది. మొన్న మా కోడలు ఒక ముద్ద తిని, కళ్లు మూసుకుని, "బాగుంది అత్తయ్యా" అంది. ఆ పిల్ల పొద్దస్తమానం కంప్యూటరు ముందే ఉంటుంది. ఏ ఫైల్లో ఏం రాసుకుంటోందో నాకు తెలియదు. అందుకని ముందు జాగ్రత్తగా తనకు నడిమి ముక్క వేసి, తోక నేనే తింటున్నాను.