బెల్లం జున్ను పెట్టిన కన్నెలోని

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలెవరైనా ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే వీపు మీద ఒకటి పడేది. అలాంటి ఇంట్లో ఒక వేసవిలో మా బాబాయి రోజూ ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మేమంతా తిని లేచాక వసారాలో గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద ఉండేది.

మాది రేపల్లె. నాన్న వ్యవసాయం చేసేవాడు. ఆయన తమ్ముడైన ఈ బాబాయికి మాత్రం పొలం మీద మనసు నిలవలేదు. విశాఖపట్నం వెళ్లి సరుకుల ఓడలో వంటమనిషిగా చేరాడు. అరవయ్యో దశకం చివరి సంగతి ఇది. ఏడాదికో రెండేళ్లకో ఇంటికొచ్చినప్పుడు మా అరుగు మీద వీధంతా చేరేది. వచ్చినవాళ్లు విదేశాల్లో మేడల గురించి, రోడ్ల గురించి అడిగేవారు. బాబాయి ఎటు తిప్పినా తిండి దగ్గరికే తెచ్చేవాడు.

అలా ఒకసారి ఇటలీ రేవులో నేర్చుకున్న వంటకం ఒకటి చెప్పాడు. గోధుమపిండిని కోడిగుడ్డుతో కలిపి పల్చటి రేకులుగా వత్తుతారు. వాటిని నీళ్లలో ఉడకబెట్టి, మధ్యలో ఆకుకూరా జున్నులాంటిదీ పెట్టి, చాపలా చుట్టి, మీద టమాటా గుజ్జు పోసి కాలుస్తారు. దాని పేరు కన్నెలోని అన్నాడు.

"కన్నెలోని ఏంట్రా అప్రాచ్యుడా!" అంది నాయనమ్మ. "కన్నెపిల్ల లోపల ఏం పెడతార్రా?"

అరుగంతా నవ్వు. "దాని పేరే అంతమ్మా, నేను పెట్టానా?" అని బాబాయి తల పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఉత్తరం ఎప్పుడొచ్చినా, కన్నెపిల్ల కులాసాయేనా అని పక్కింటి వాళ్లు అడిగేవారు.

ఆ వేసవిలో మాత్రం బాబాయి చెప్పాపెట్టకుండా వచ్చాడు. నడిసముద్రంలో ఓడ ఊగినప్పుడు మరుగుతున్న నూనె కుడిచేతి మీద ఒలికింది. ఏదో రేవులో వైద్యం చేయించి ఇంటికి పంపేశారు. నాన్న ఆయన్ని బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పుండు మానిందనీ, ఇక మందులతో పనిలేదనీ డాక్టరుగారు చెప్పారట. వేళ్లు ముడుస్తూ చాపుతూ ఉండాలి, పిండి పిసికినట్టు పిసకాలి, ఊరుకుంటే కొద్దివారాల్లో కొయ్యల్లా బిగిసిపోతాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు అన్నారట.

నాన్న తెనాలి వెళ్లినప్పుడు పిసకడానికని రబ్బరు బంతి కొనుక్కొచ్చాడు. దాంతో మేం ఆడుకున్నాం. అమ్మ చెప్పింది, నాన్న కోప్పడ్డాడు, చుట్టాలు వచ్చి బతిమాలారు. వచ్చిన ప్రతివాళ్లూ మొదట అనే మాట మాత్రం ఒకటే: "ఏదీ, చెయ్యి చూడనీ." ఆ మాట వినగానే బాబాయి తువ్వాలు ఇంకాస్త లాక్కునేవాడు. రానురాను వసారాలో నవారు మంచం దిగడం కూడా తగ్గించేశాడు. కబుర్లు లేవు. తిండి గురించి అసలే లేవు.

నాయనమ్మ ఒక్కత్తే ఏమీ అనలేదు. కొడుకు మీద ప్రేమ లేదేమోనని నాకు అనుమానం కూడా వచ్చింది.

ఒకరోజు పక్కింటివాళ్ల గేదె ఈనింది. అలవాటు ప్రకారం మా ఇంటికి గిన్నెడు జున్నుపాలు పంపారు. ఉత్త గిన్నె తిరిగి పంపకూడదని నాయనమ్మ అందులో గుప్పెడు బియ్యం వేసి ఇచ్చింది. బెల్లం కొట్టి, మిరియం, యాలక్కాయ దంచి, జున్ను ఆవిరి మీద పెట్టింది. అంతవరకూ మామూలే. ఆ తర్వాత పెరట్లో ఆవిడ చేసిన పని చూసి నేను బిత్తరపోయాను. శుభ్రమైన పాలు పొంగించి, వాటిలో నిమ్మకాయ పిండింది. పాలు విరిగిపోయాయి. ఆ విరుగుడంతా పల్చటి గుడ్డలో మూటకట్టి దడికి వేలాడదీసింది. మా ఇంట్లో పాలు ఒలికితేనే పాపం, అలాంటిది చేతులారా విరగ్గొట్టడం!

"ఎందుకు నాయనమ్మా?" అన్నాను.

"నోర్మూసుకుని టమాటాలు కడుగు" అంది.

కాసేపటికి పీటా అప్పడాల కర్రా తెచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంది. అక్కడినుంచి బాబాయి మంచం నాలుగు బారల దూరం. గోధుమపిండిలో గుడ్డు కొట్టి కలపడం మొదలుపెట్టింది. మినపరొట్టె దగ్గర్నుంచి కజ్జికాయల దాకా మా వీధిలో ఆవిడ చెయ్యి తిరిగినట్టు ఇంకెవరిదీ తిరగదు. ఆ రోజు మాత్రం పిండి బండరాయిలా కలిపింది. వత్తితే చిరిగింది. అతుకు పెట్టింది, మళ్లీ చిరిగింది.

"ఒసే అమ్మడూ," అంది, పక్కనే ఉన్న నాతో పొలంలో మనిషిని పిలిచినంత గట్టిగా, "మీ బాబాయి చెప్పిన కన్నెలోనిలో పెట్టేది జున్నే కదూ?"

"జున్నే నాయనమ్మా" అన్నాను. నాకు తెలిసింది అదే. బడిలో అర్థాలు చెప్పేటప్పుడు కూడా చీజ్ అంటే జున్ను అనే రాయించారు మాకు.

"ఇంకేం, బెల్లం దండిగా పడింది. ఈ తోటకూర వేపుడు కూడా దాంట్లో కలిపేస్తాను."

మంచం కిర్రుమంది. "అమ్మా, ఏం చేస్తున్నావు?"

"నీకెందుకురా, పడుకో."

"బెల్లం జున్నులో తోటకూరా?"

"నువ్వే కదరా జున్నన్నావు!"

"జున్ను కాదమ్మా, జున్నులాంటిది. తీపి ఉండదు. ఉప్పగా, విరిగిన పాలలా..."

"విరిగిన పాలు ఎవడు తింటాడ్రా? మతి లేకపోతే సరి." నాయనమ్మ మాట్లాడుతూనే చిరిగిన రేకులో జున్ను ముక్క పెట్టి మడిచింది. అది పక్కనుంచి జారి పీట మీద పడింది. "ఇదిగో, ఇంతే కదా. టమాటాలో కాస్త చింతపండు కూడా పిండుతాను."

ఇక ఆగలేకపోయాడు బాబాయి. వంటవాడి కళ్లెదుట వంట పాడుచేస్తే ఎలా ఉంటుందో ఆ ముఖం చూస్తే తెలిసేది. లేచి వచ్చి ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చింతపండు వద్దన్నాడు. పిండి బిరుసైపోయిందన్నాడు. నీళ్లు చిలకరించి అరచేతి మడమతో ముందుకు నెట్టాలన్నాడు. నాయనమ్మ వెనక్కి లాగింది. అలా కాదన్నాడు. పైకి ఎత్తింది.

"నోటితో చెబితే నాకెట్లా తెలుస్తుందిరా? నేనేమన్నా ఓడెక్కానా?"

బాబాయి ఎడమచేత్తో నెట్టి చూశాడు. పీట పక్కకి పోయింది. మళ్లీ నెట్టాడు, మళ్లీ పోయింది. చిరాగ్గా తువ్వాలు భుజం మీదికి విసిరేసి, రెండో చెయ్యి కూడా పిండి మీద వేశాడు.

అప్పుడు చూశాను ఆ చేతిని. గులాబిరంగులో, తడి ఆరని సున్నం గోడలా నున్నగా మెరుస్తోంది. వేళ్లు సగం వంగి ఉన్నాయి. పిండిని నొక్కినప్పుడల్లా బాబాయి పళ్లు బిగుసుకుంటున్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నా తొడ మీద నాయనమ్మ గిల్లిన గిల్లుడు మూడురోజులు నల్లగా ఉంది.

"అటేం చూస్తావే? కుంపట్లో నిప్పులు చూడు" అంది తగ్గుగొంతుతో. ఆవిడ కూడా చూడలేదు. తలవంచుకుని వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. అవసరానికి పది రెట్లు ఒలిచింది.

పిండి మెత్తబడేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. విరిగిన పాలు కావాలంటే ఇప్పుడెలా అని బాబాయి అనుకుంటుండగా, నాయనమ్మ దడి దగ్గరికి నడిచి మూట విప్పి తెచ్చింది. "పొద్దున పాలు విరిగిపోతేనూ, పారబొయ్య బుద్ధికాక మూటకట్టాను" అంది. నేను నోరు తెరవబోయి, తొడ గుర్తొచ్చి మూసుకున్నాను.

ఆ విరుగుడులో ఉప్పు, మిరియాల పొడి, తోటకూర కలిపి, ఉడకబెట్టిన రేకుల్లో పెట్టి చుట్టాం. ఓడలోలాంటి పొయ్యి లేదు కదా అన్నాడు బాబాయి. "దిబ్బరొట్టె కాల్చట్లేదంట్రా?" అని నాయనమ్మ దళసరి ఇత్తడి గిన్నెలో వాటిని పేర్చి, టమాటా గుజ్జు పోసి, కుంపటి మీదికెక్కించి, మూత మీద కూడా నిప్పులు పోసింది. బెల్లం జున్ను పెట్టినవి విడిగా ఇంకో గిన్నెలో కాల్చింది. పిల్లలం వాటిమీదే పడ్డాం. నిజం చెప్పాలంటే అవే బాగున్నాయి.

బాబాయి ఆ మధ్యాహ్నం మా పంక్తిలో కూర్చున్నాడు. కుడిచేత్తో తుంచుకున్నాడు. వేళ్లు మూసుకోక ముక్క రెండుసార్లు విస్తట్లో పడింది. గుజ్జు మోచేతిదాకా కారింది. నాన్న తలెత్తకుండా తింటూ, "ఉప్పు సరిపోయిందిరా" అన్నాడు. అమ్మ ఇంకోటి వడ్డించి వెళ్లిపోయింది. అంతమందిమి ఉన్నాం, ఒక్కరి చూపూ ఆ చేతి మీద లేదు. అది చూశాకే, మా నాయనమ్మ అన్నాళ్లూ ఎందుకు ఊరుకుందో నాకు కొద్దిగా తెలిసింది.

మర్నాడు పూరీల పిండి బాబాయే కలిపాడు. ఆ తర్వాత ఏదో ఒక పిండి రోజూ ఆయన ముందుకొచ్చేది. ప్రతిసారీ నాయనమ్మకి ఏదో ఒకటి చేతకాకుండా పోయేది. చివరి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు గానీ మిగిలినవి ఆయన మాట విన్నాయి. ఓడ మళ్లీ ఎక్కలేదు. తెనాలిలో టిఫిన్ హోటలు పెట్టి, ముసలివాడయ్యేదాకా పెనం దగ్గర తనే నిలబడ్డాడు.

నేను తర్వాత చాలా ఏళ్లు పత్రికలో పనిచేశాను. మనిషిని కళ్లార్పకుండా చూడటమే ఆ ఉద్యోగం. ఎక్కడ చూపు తిప్పుకోవాలో మాత్రం అక్కడెవరూ చెప్పలేదు. ఆ గిల్లుడే చెప్పింది.

నిరుడు మా ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గింది. ఇప్పుడు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటానంటారు. ఒక్కో గుండీకి చాలాసేపు పడుతుంది. ఆయన మొదటి గుండీ పట్టుకోగానే నేను, "నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమిటో" అనుకుంటూ పక్కగదిలోకి వెళ్లి వెతకడం మొదలుపెడతాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. చివరి గుండీ పెట్టుకున్నాక, "దొరికిందా?" అని పిలుస్తారు.

దొరికిందండీ అంటూ వెళతాను.