మూడో గేరు పడలేదు

ఆ షెడ్డుకు కారు తెచ్చినవాళ్లకు మొట్టమొదట వినపడే మాట "వద్దు". పైపైన చూసి ఇచ్చేయమంటే వద్దు. సాయంత్రానికల్లా కావాలంటే అసలే వద్దు, బండి తీసుకుని పొమ్మనేవాడు. అందుకే వీధిలో అందరూ అతన్ని వద్దన్న అనేవాళ్లు, అదీ అతను అటు తిరిగాక. బస్సుల డిపోలో చాలా ఏళ్లు పనిచేసి, ఫోర్‌మన్‌తో గొడవపడి బయటికొచ్చి ఆ షెడ్డు పెట్టుకున్నాడు. గేర్‌బాక్సులు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. ఇంజను గురించి అడిగితే మొహం చిట్లించేవాడు.

షెడ్డు మీది గదుల్లోనే కాపురం. అతని భార్య అక్కడే బట్టలు కుట్టేది. "మా ఆయనకు ఇనుముతో కుదిరినట్టు మనుషులతో కుదరదమ్మా" అని, కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లతో నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు కూడా రానురాను తగ్గిపోయింది.

ఆమె చెల్లెలు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేది. ఆ చెల్లెలికి కొండదారి పందేలంటే పిచ్చి. ఒక్కో కారునూ విడిగా కొండెక్కించి, ఎవరు తక్కువ సమయంలో పైకి చేరారో చూస్తారు. తుక్కులో పడి ఉన్న రెండు తలుపుల పాత కారొకటి కొనుక్కుని, గట్టి ఇంజను వేయించుకుంది. గేర్‌బాక్సు మాత్రం బావ చేతే కట్టించింది. వద్దన్న ఒక వానాకాలమంతా దాని మీదే కూర్చున్నాడు. మరదలి మీద ప్రేమతో అనుకుంటే పొరపాటే. చుట్టుపక్కల ఎవరూ కట్టలేని గేర్‌బాక్సు తను కట్టాడని నలుగురూ అనుకోవాలి, అంతే.

గొడవంతా తోడల్లుడితో. మరదలి మొగుడికి పెద్ద బజారులో ఆయిల్ షాపు ఉంది. అద్దాల బీరువాలు, వాటి నిండా మెరిసే డబ్బాలు, మధ్యలో ఇస్త్రీ నలగని చొక్కాతో అతను. వద్దన్నకు ఆ చొక్కాను చూస్తేనే ఒళ్లు మండేది. అతనికేమో వద్దన్న గోళ్లలోని మురికిని చూస్తే అన్నం సహించేది కాదు. ఒకసారి అందరూ భోజనాల దగ్గర ఉండగా తోడల్లుడు నవ్వుతూ అన్నాడు:

"మంచి ఆయిల్ పోస్తే గేర్‌బాక్సు చెడిపోనే చెడిపోదండీ. చెడిపోయిందంటే కట్టినవాడి చేతిలోనే ఏదో ఉందన్నమాట."

అందరూ నవ్వారు. వద్దన్న భార్య కూడా నవ్వింది. అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆ తర్వాత తోడల్లుడు పెళ్లాం కారుకు తనే ఆయిల్ మార్పించాడు. షాపులో అన్నిటికన్నా ఖరీదైన డబ్బా, మీద మంటల బొమ్మ, రేసింగ్ అన్న పెద్ద అక్షరాలు. బావ పోసిన ఆయిల్ తీసి పారబోయించి అది పోయించాడు. మరదలు అడ్డు చెప్పలేదు. మొగుడి షాపు, మొగుడి సరుకు. అతనికి తెలియకుండా ఉంటుందా అనుకుంది.

కొండదారి పందెం ఇంకా కొద్దిరోజులు ఉందనగా ఆమె అక్కను బజారుకు తీసుకెళ్లడానికి వచ్చింది. వద్దన్నకు కూడా అటే పనుండి వెనక సీట్లో ఎక్కాడు. రెండు నుంచి మూడుకు మార్చినప్పుడు లోపల సన్నగా కర్రుమంది. మరదలు గమనించలేదు. గమనించినా పాత కారు కదా అనుకుని ఉంటుంది. బజారులో కారు ఆగగానే అతను దిగి, కిందికి వంగి, గేర్‌బాక్సు అడుగున ఊరిన చుక్కను వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంది.

తోడల్లుడు ఆయిల్ మార్పించిన సంగతి అప్పుడే అర్థమైపోయింది. అది జీఎల్ ఫైవ్. వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌లో వాడాల్సిన ఆయిల్. గేర్‌బాక్సులో గేర్ల వేగాన్ని కలపడానికి ఇత్తడి రింగులుంటాయి. అవి తిరిగే గేరును కాస్త పట్టుకుంటేనే గేరు మెత్తగా పడుతుంది. ఈ ఆయిల్‌లో ఆ పట్టు జారిపోతుంది. పైగా అందులోని గంధకం మందు వేడెక్కిన కొద్దీ ఇత్తడిని తినేస్తుంది. ఆ కారుకు కావలసింది జీఎల్ ఫోర్.

చెప్పడానికి నోరు తెరిచాడు. కళ్ల ముందు భోజనాల దగ్గరి నవ్వు కదిలింది. నోరు మూసుకున్నాడు. పందెంలో గేరు అరుస్తుంది, ఆయిల్ దించి చూపిస్తే పదిమందిలో వాడి డబ్బా పరువు పోతుంది, పోనీ అనుకున్నాడు. అంతకు మించి ఏదైనా జరగొచ్చన్న ఆలోచన అతనికి రాలేదో, వచ్చినా పక్కకు తోసేశాడో, అతనికే తెలియాలి.

పందెం రోజు పొద్దున బాగా చలి. సగం కొండెక్కాక, మలుపు ముందు నాలుగు నుంచి మూడుకు దించబోయింది మరదలు. గేరు పడలేదు. మళ్లీ తోసింది. కర్రుమని వెనక్కి తన్నింది. ఒక చెయ్యి గేరు రాడ్డు మీద, ఒక చెయ్యి స్టీరింగు మీద. చక్రాలకు ఇంజను ఊతం లేదు. కారు మలుపు తిరగక రాతిగోడను గుద్దుకుంది. ఎడమ మణికట్టు విరిగింది.

కారును షెడ్డుకు లాక్కొచ్చారు. వెనకాలే తోడల్లుడు, చేతికి కట్టుతో మరదలు. మేడ మీది నుంచి వద్దన్న భార్య పరుగున దిగింది.

"చూశారా మీ పనితనం!" తోడల్లుడు వస్తూనే అందుకున్నాడు. "మీ గేర్‌బాక్సు మా ఆవిడ చెయ్యి విరగ్గొట్టింది. ఇంకో చోట కట్టించుకుందాం అంటే వినలేదు!"

వద్దన్న కారు కింద వెడల్పాటి బేసిన్ పెట్టి, పానాతో కింది బోల్టు విప్పాడు. ఆయిల్ ధారగా దిగింది. బేసిన్‌ను వెలుతురులోకి లాగి, వేలు ముంచి, తోడల్లుడి తెల్ల చొక్కాకు తగిలేంత దగ్గరగా పెట్టాడు. వేలంతా బంగారు రంగు మెరుపు.

"ఏంటో చెప్పవయ్యా షావుకారూ."

"నన్నడిగితే? మీరేసిన ముక్కలే అరిగిపోయాయి."

"ఇత్తడి. నీ మంటల బొమ్మ డబ్బా దీన్ని నంజుకు తింది. జీఎల్ ఫైవ్ గేర్‌బాక్సులో పోయించావు. అక్షరాలు చదవడం వచ్చా, ధర చదవడం ఒక్కటే వచ్చా?"

"అదే ఆయిల్ వెనక డిఫరెన్షియల్‌లో కూడా ఉంది! అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు! ఏమంటారు?"

"అక్కడ ఉండాల్సిందే అది. కాళ్లకు రాసుకునే మందు కళ్లలో పోసుకుంటావా?"

తోడల్లుడి మొహం కందిపోయింది. వద్దన్న నవ్వాడు. ఆ షెడ్డులో అతను నవ్వగా అంతకుముందెవరూ చూడలేదు. అంత సంతోషం అతనికి ఎప్పుడు కలిగిందో కూడా గుర్తులేదు. బేసిన్ పైకెత్తి, "వాసన చూడు, వాసన! దీనికి చదువెందుకు, ముక్కు చాలు" అన్నాడు.

అప్పుడు అతని భార్య అమాయకంగానే అడిగింది. "ఏవండీ, బజారుకెళ్లిన రోజు కారు కింద వేలు పెట్టి వాసన చూశారు కదా. అప్పుడూ ఇదే వాసనా?"

మరదలు కట్టు ఉన్న చేతిని గుండెకు ఆనించుకుని ముందుకొచ్చింది.

"బావా. నీకు ముందే తెలుసా?"

వద్దన్న బేసిన్ కింద పెట్టాడు.

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా?"

సందు దొరికింది కదా అని తోడల్లుడు, "అన్నీ తెలిసే ఊరుకున్నాడు, మనిషేనా..." అని మొదలుపెట్టాడు. మరదలు మొగుడి వైపు తిరిగింది. "నువ్వు నోరు ముయ్. ఆయిల్ పోయించింది నువ్వే." అక్క పట్టుకోబోయిన చేతిని విదిలించుకుని, ఒక్కతే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

కట్టు విప్పాక మరదలు మళ్లీ వచ్చింది. షెడ్డు మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఈ గేర్‌బాక్సు విప్పడం నీకొక్కడికే తెలుసు. నీ చెయ్యి కావాలి నాకు. నీ మాట అక్కర్లేదు."

అతను గేర్‌బాక్సు దింపి, విప్పి, అరిగిన రింగులు మార్చి మళ్లీ బిగించేదాకా ప్రతిరోజూ వచ్చి అలాగే కూర్చుంది. ఒక్క మాటా లేదు. అన్నేళ్ల పనిలో అతని చెయ్యి ఎప్పుడూ అన్నిసార్లు జారలేదు. చివర్న ఆమె సంచిలోంచి డబ్బా తీసింది, మొగుడి షాపుది కాదు. జీఎల్ ఫోర్, చిక్కదనం డెబ్బై ఐదు ఎనభై.

"కొండెక్కేటప్పుడు వేడికి ఇది పల్చబడిపోతుంది," అన్నాడతను ఉండబట్టలేక. "తొంభై పొయ్యాలి."

"పందెం పొద్దున్నే, చలిలో. ఎక్కడం నాలుగు నిమిషాలు. ఎప్పుడు వేడెక్కుతుందది? కారు చేసిన కంపెనీవాళ్లు కూడా ఎనభయ్యే అన్నారు."

అతను లెక్క వేసుకున్నాడు. ఆమె చెప్పిందే సరి. చిక్కటి ఆయిల్ చలికి ఇంకా బిగుసుకుని గేరును మొరాయించేలా చేస్తుంది. ఆమె డబ్బా అతని చేతికివ్వకుండా తనే పోసింది, పై రంధ్రం అంచు దాకా వచ్చి బయటికి కారేవరకు. బోల్టు కూడా తనే బిగించింది.

తర్వాతి పందెంలో ఆమె గెలవలేదు, ఫలితాల్లో మధ్యలో ఎక్కడో నిలిచింది. అక్కను చూడడానికి వచ్చినా షెడ్డులోంచి రావడం మానేసింది. వెనక మెట్ల మీదుగా ఎక్కి, వెనక మెట్ల మీదుగానే దిగి వెళ్లేది. తోడల్లుళ్లిద్దరూ బజారులో ఎదురైతే చెరో పక్కకూ మొహం తిప్పుకునేవాళ్లు.

ఆ పందెం అయిన మర్నాడు వద్దన్న మేడెక్కి భార్య దగ్గర నిలబడ్డాడు.

"మూడో గేరు ఎలా పడిందట?"

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "మీరే అడగండి."

ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులోనే అతను కిందికి దిగిపోయాడు.