నాన్నగారి "ఆయ్"... గాల్లోకి లేచిన అంబాసిడర్

మా చిన్నప్పుడు... కొత్తపేటలో మా పెరటి కొబ్బరిచెట్లు రెండింటికి అడ్డంగా దూలం కట్టి, దానికి గొలుసు కప్పీ తగిలించి, కింద మా తెల్ల అంబాసిడర్‌ని నిలబెట్టారు. ఇవాళ కార్లోంచి ఇంజన్ పైకి లాగి దింపుతారట! నాకైతే పండగే... అమ్మ మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

ఆ కారు కిరాయికి తిప్పే నాన్నగారు ముందే చెప్పేశారు మరి. ఇంజన్ బాగుపడితే సరే... లేదంటే కారు పాత ఇనుముకి, తను పని వెతుక్కుంటూ మస్కట్‌కి. పాస్‌పోర్టు కూడా తెప్పించేసుకున్నారు.

అమలాపురం నుంచి మెకానిక్ సత్తిబాబు మావయ్యగారు వచ్చి బానెట్టు ఊడదీశారు. బ్రేకు తొక్కి పట్టుకోమని నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. కాళ్ళు అందక సీటు అంచుకి జారి మరీ తొక్కాను... ఆ దర్జా ఏం చెప్పను!

"బావగారూ, ఆ వెనక బోల్టు కూడా తీసెయ్యండి" అన్నారు మావయ్యగారు.

"ఆయ్!" అంటూ నాన్నగారు పానా కోసం అటు వెళ్ళారు.

మా వైపు "ఆయ్" అంటే "అలాగేనండి" అనీ అనుకోవచ్చు, "అయిపోయిందండి" అనీ అనుకోవచ్చు. మావయ్యగారు రెండోదే అనుకుని గొలుసు లాగేశారు. ఇంజన్‌తో పాటు కారు ముందు చక్రాలు, వాటితో పాటు నేనూ... పైకి లేచాం!

"అమ్మబాబోయ్, కార్లో పిల్లుందండీ!" అని అమ్మ కేక. "దించండి బావగారూ, బోల్టు ఇంకా తియ్యలేదండీ!" అని నాన్నగారు పరుగు. నేనేమో "ఇంకొంచెం పైకి మావయ్యగారూ" అన్నాను. అంత గాభరాలోనూ అమ్మ పకపకా నవ్వేసింది... ఎన్నాళ్ళకో.

కారు కిందికి దించి, ఆ బోల్టూ తీశాక, సిలిండర్లు సాపు చేసే బోరింగు షాపుకెళ్ళిన ఇంజన్ బాగుపడి తిరిగొచ్చింది. తాళం తిప్పగానే బుర్రుమంది. నాన్నగారు మస్కట్ మాట మళ్ళీ ఎత్తలేదు. నా చదువంతా ఆ కారు కిరాయిల మీదే నడిచింది.

మొన్న అదే కారుకి మళ్ళీ ఇంజన్ దింపించాం. ఈసారి దూలం లేదు... చక్రాల క్రేను తెచ్చారు మెకానిక్ కుర్రాళ్ళు. వాళ్ళ నోట అన్నిటికీ "ఓకే సార్" ఒక్కటే. నేను మళ్ళీ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను... ఊరికే, సరదాకి.

"నాన్నగారూ, బోల్టులన్నీ తీసేరో లేదో ఓసారి చూడండి" అన్నాను.

కుర్చీలోంచే "ఆయ్!" అన్నారు.

"అలాగేననా... అయిపోయిందనా?"

"ముందు నువ్వు కారు దిగవే తల్లీ!" అన్నారు నాన్నగారు.

ఈ "ఓకే"ల మధ్య ఆ మాట కరువైపోతోందండీ... మీ ఇంట్లో "ఆయ్" అనేవాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే చెప్పండి. ఇంజన్ బిగించగానే నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మీ ఇంటికే వస్తాం!