మాస్టారికి అడ్డుపడినవాడు

కంకిపాడు వెళ్ళదలచినవారు విజయవాడ బస్టాండులో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కడం మేలు. మనకి సీటూ, హాకీ కర్రలకి చోటూ దొరుకుతాయి.

ఈ సీజన్‌లో కంకిపాడు జట్టుతో మూడుసార్లు ఆడి మూడుసార్లూ ఓడాం. నాలుగోసారీ ఓడితే మా మైదానం యోగా క్లాసుకి ఇచ్చేస్తామని కాలనీ కమిటీ తేల్చేసింది. ఇరవై ఏళ్ళుగా అక్కడ గోలు కాస్తున్నాను. అది పోతే నాకిక ఆదివారమే లేదు.

వాళ్ళ ఫార్వర్డు మా లెక్కల మాస్టారు. అరవై నాలుగేళ్ళు, రిటైరై కంకిపాడులో ఉంటున్నారు. మేమంతా ఆయన దగ్గర చదివినవాళ్ళమే. ఆయన బంతితో వస్తే మా డిఫెండర్లు పక్కకి తప్పుకుని, "నమస్కారం మాస్టారూ" అంటారు. గోలు దగ్గర నేనూ అంతే.

ఈసారి మాలో ఒకాయనకి మోకాలు పట్టేయడంతో, బదులుగా మంగళగిరి నుంచి వీరయ్య వచ్చాడు. మగ్గం నేస్తాడు. పొద్దస్తమానం మగ్గంలో పోగు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెని చూసీ చూసీ కళ్ళకి వేగం అలవాటైందట.

బస్సులో పక్క సీటావిడ అడిగింది. "ఆ వంకర కర్రలు దేనికండీ?"

"హాకీకండీ."

"గెలుస్తారా?"

"ఇంతవరకూ లేదండీ."

"మరి ఆదివారంపూట ఇంత పొద్దున్నే లేవడం దేనికండీ?"

ఏడున్నరకి దిగాం. ఇడ్లీలు తిని ఎనిమిదికి ఆట మొదలెట్టాం. మాస్టారు బంతితో వచ్చారు, మావాళ్ళు దారిచ్చారు. వీరయ్య మాత్రం "ఇటివ్వండి సార్" అంటూనే బంతి లాగేసుకున్నాడు.

"ఆయన మాస్టారయ్యా!" అన్నాడు మా కెప్టెన్.

"అవునాండీ? మరి ఆడుతున్నారు కదండీ," అన్నాడు వీరయ్య.

ఆ తర్వాత మాస్టారిని ఒక్కసారి కూడా పోనివ్వలేదు. ఆఖర్లో మావాళ్ళు దాదాపు పొరపాటున ఒక గోలు వేశారు. గెలిచాం.

పదకొండింటి బస్సుకి మాస్టారూ ఎక్కారు, విజయవాడలో కూతురి ఇంటికి. సగం బస్సు ఖాళీ. అయినా జట్టంతా లేచి నిలబడ్డాం, వీరయ్య తప్ప. ఆయన వెళ్ళి వీరయ్య పక్కనే కూర్చున్నారు.

"నువ్వు నా దగ్గర చదవలేదు కదూ?"

"లేదండి. మాది మంగళగిరండి."

మాస్టారు మా వైపు తిరిగారు. "అంటే ఆ మూడు ఆటలూ నేను గెలవలేదన్నమాట."

నాకు సిగ్గేసింది. మర్యాద అనుకుంటూ ఇన్నాళ్ళూ ఆయనకి ఆటే లేకుండా చేశాం.

"వచ్చే ఆదివారం మీ మైదానానికే వస్తాం. నాకు నమస్కారం పెట్టినవాడి చేత గోడకుర్చీ వేయిస్తాను."

"అలాగేనండి మాస్టారూ," అన్నాం ముక్తకంఠంతో.

కండక్టరు వచ్చాడు. "ఇన్ని సీట్లుంటే నిలబడ్డారేంటండీ?"

అందరం మాస్టారి వంక చూశాం. ఆయన ఇంకా కూర్చోమనలేదు.